పదహారు వన్నెల లెక్క

ఇంట్లో పెళ్లి ఉంది. పాత నగలు కరిగించి కొత్త గొలుసు చేయించాలనుకున్నారు. 22 క్యారెట్ల గొలుసు ఒకటి 12 గ్రాములు, 18 క్యారెట్ల ఉంగరాలు 6 గ్రాములు, ఎప్పటిదో 12 క్యారెట్ల ముక్క ఒకటి 2 గ్రాములు ఉన్నాయనుకోండి. మొత్తం 20 గ్రాములు. మూడింటినీ ఒకే మూసలో వేసి కరిగిస్తే వచ్చే బంగారం ఎన్ని క్యారెట్లది?

“22, 18, 12 కలిపితే 52. మూడుతో భాగిస్తే 17 పైచిలుకు. కాబట్టి ఇది పదిహేడు క్యారెట్ల బంగారం” అని ఎవరైనా అంటే మీరు తలాడిస్తారా? తలాడిస్తే రెండు గ్రాములకు పైగా మేలిమి బంగారం పోగొట్టుకున్నట్టే! అది ఎలాగో ఈ వ్యాసం చివరికి వచ్చేసరికి మీరే లెక్కకట్టి చెప్పగలరు.

బడిలో మిశ్రమాల లెక్కలు చేసిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. పాలలో నీళ్లు, రెండు రకాల బియ్యం, ఉప్పు ద్రావణం, రాగి కలిసిన బంగారం. చాలామందికి ఇవి భయం పుట్టించే లెక్కలు. ఏ సంఖ్యను దేనితో హెచ్చించాలో, ఎక్కడ తీసివేయాలో తెలియదు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఒక అడ్డగీతల సూత్రం బట్టీపట్టి గట్టెక్కుతారు. అది ఎందుకు పనిచేస్తుందో అడిగితే మాత్రం జవాబు రాదు.

నిజానికి ఈ లెక్కలన్నిటి వెనుక ఉన్న విషయం ఒక్కటే. రెండు పదార్థాలను కలిపినప్పుడు మిశ్రమం బరువు మారుతుంది, చిక్కదనం మారుతుంది, ధర మారుతుంది. కాని అందులో ఉన్న అసలు సరుకు మాత్రం మారదు. వేర్వేరుగా ఉన్నప్పుడు ఎంత ఉందో, కలిపిన తరువాత కూడా అంతే ఉంటుంది. ఈ మారని దాన్ని పట్టుకుంటే లెక్క సగం అయిపోయినట్టే. మన దేశంలో ఈ సంగతిని పాఠం చెప్పింది పాలు కాదు, బియ్యం కాదు, బంగారం. ఆ కథే ఇప్పుడు చూద్దాం.

వన్నె అంటే ఏమిటి?

“ఇంటికి వన్నె తెచ్చింది”, “వన్నె తగ్గింది” అని మనం అంటూ ఉంటాం. వన్నె అనే మాట సంస్కృతంలోని వర్ణం నుంచి వచ్చింది. వర్ణం అంటే రంగు. బంగారంలో రాగి కలిస్తే ఎరుపు తిరుగుతుంది. వెండి కలిస్తే పాలిపోతుంది. కాబట్టి రంగును బట్టి స్వచ్ఛతను అంచనా వేసేవారు. రంగు పేరే స్వచ్ఛతకు కొలత అయింది. ఏ కల్తీ లేని బంగారం 16 వన్నెలది. అందులో నాలుగో వంతు మరో లోహం ఉంటే 12 వన్నెలది. “పదహారు వన్నెల బంగారం” అనే మాట ఈ కొలత నుంచి పుట్టిందే.

నేడు మనం వాడే క్యారెట్లలో మేలిమి బంగారం 24. కాబట్టి క్యారెట్లను మూడుతో భాగించి రెండుతో హెచ్చిస్తే వన్నెలు వస్తాయి. 18 క్యారెట్లు అంటే 12 వన్నెలు. 22 క్యారెట్లు అంటే 14 వన్నెల మీద మూడింట రెండు వంతులు. కొలబద్ద మారింది, కొలిచేది మాత్రం అదే.

కంటితో చూసి వన్నె చెప్పడం కష్టం. అందుకే గీటురాయి వచ్చింది. పరీక్షించవలసిన బంగారాన్ని నల్లటి రాయి మీద గీస్తారు. దాని పక్కనే, వన్నె ముందుగా తెలిసిన బంగారంతో మరో గీత గీస్తారు. రెండు గీతల రంగులను పోల్చి చూస్తారు. కౌటిల్యుని పేరుతో ఉన్న అర్థశాస్త్రంలో బంగారం పనిని చూసే ప్రత్యేక అధికారి గురించీ, గీటురాళ్ల గురించీ వివరాలు ఉన్నాయి. కళింగ దేశపు రాయి, పెసర రంగులో ఉండేది, మంచి గీటురాయి అని అందులో చెప్పారు. బంగారం పనిలో జరిగే మోసాలను కూడా ఐదు రకాలుగా విడదీసి, పేర్లు పెట్టి మరీ వివరించారు. వాటిలో మొదటిది తప్పుడు త్రాసు.

దీన్నిబట్టి ఒక సంగతి అర్థమవుతుంది. బంగారం బరువు ఒక్కటే తెలిస్తే చాలదు, వన్నె ఒక్కటే తెలిసినా చాలదు. రెండూ తెలియాలి, రెండింటినీ కలిపి లెక్కించడమూ తెలియాలి. త్రాసు, గీటురాయి చేయలేని పని ఇక్కడ మొదలవుతుంది. అది గణితం పని.

భూర్జపత్రాల మీద బంగారం

1881లో పెషావర్‌కు సమీపంలోని బక్షాలీ గ్రామంలో నేల తవ్వుతుండగా ఒక పాత గ్రంథం దొరికింది. ఆ ప్రాంతం ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. గ్రంథం భూర్జ వృక్షం బెరడు మీద రాసినది. చాలా భాగం శిథిలమై, సుమారు 70 పత్రాలు మాత్రమే మిగిలాయి. ఇవి నేడు ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్నాయి. ఇందులో సున్నాను చుక్కగా రాశారు కాబట్టి సున్నా చరిత్ర గురించి మాట్లాడేటప్పుడు బక్షాలీ ప్రతి పేరు తప్పక వస్తుంది. 2017లో ఆ గ్రంథాలయం మూడు పత్రాలకు కార్బన్ పరీక్ష ఫలితాలను ప్రకటించింది. మూడు పత్రాలకూ మూడు వేర్వేరు కాలాలు వచ్చాయి. వీటిలో తొలిది క్రీ.శ. 3వ, 4వ శతాబ్దాలకు చెందినది, చివరిది 9వ, 10వ శతాబ్దాలకు చెందినది. దీనిపై పండితుల మధ్య వాదోపవాదాలు జరిగాయి.

మనకు కావలసింది అందులోని బంగారం లెక్క. సువర్ణం అనేది ఒక తూకం. ఒక సువర్ణం, రెండు సువర్ణాలు, మూడు, నాలుగు ఇలా నాలుగు బంగారు ముద్దలు ఉన్నాయి. వాటిలో సువర్ణానికి వరుసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు మాషాల చొప్పున తరుగు, అంటే కల్తీ, ఉంది. అన్నీ కలిపి కరిగిస్తే సువర్ణానికి ఎంత తరుగు?

ప్రతి ముద్దలోని తరుగు విడిగా కట్టండి. ఒకటిని ఒకటితో, రెండును రెండుతో, మూడును మూడుతో, నాలుగును నాలుగుతో హెచ్చిస్తే 1, 4, 9, 16 వస్తాయి. మొత్తం 30 మాషాలు. బంగారు ముద్దలు మొత్తం పది సువర్ణాలు. 30ని 10తో భాగిస్తే 3. కాబట్టి సువర్ణానికి మూడు మాషాల తరుగు.

తరుగులను మాత్రమే తీసుకుని సగటు కట్టి ఉంటే రెండున్నర వచ్చేది. అది తప్పు. ఎందుకంటే కల్తీ ఎక్కువ ఉన్న ముద్దే బరువైనది. ఏ ముద్ద ఎంత బరువో చూడకుండా సగటు తీయకూడదన్న పాఠం ఆ బెరడు ముక్కలో ఉంది.

మహావీరుని గ్రంథం, మల్లన తెలుగు

క్రీ.శ. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు అనే జైన పండితుడు గణితసారసంగ్రహం రాశాడు. అప్పటివరకు గణితం ఎక్కువగా జ్యోతిశ్శాస్త్ర గ్రంథాల్లో ఒక అధ్యాయంగా ఉండేది. మహావీరుడు గణితానికి మాత్రమే ఒక పూర్తి గ్రంథాన్ని కేటాయించాడు. వ్యాపారం, వంట, వైద్యం, సంగీతం, ఇళ్లు కట్టడం, ఏ పనికైనా లెక్క కావలసిందేనని గ్రంథం మొదట్లోనే చెప్పాడు. అందులో మిశ్రక వ్యవహారం అనే అధ్యాయం ఉంది. వడ్డీ లెక్కలు, భాగస్తుల లాభాల పంపకం, వాటితోపాటు బంగారం కలపడం గురించిన లెక్కలు ఆ అధ్యాయంలోనివే.

ఈ గ్రంథానికి మన తెలుగువారితో సంబంధం ఉంది. 11వ శతాబ్దానికి చెందిన కవిగా చెప్పే పావులూరి మల్లన దీన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. సారసంగ్రహ గణితం అని దాని పేరు. పావులూరి గణితం అని కూడా అంటారు. తెలుగులో మనకు దొరుకుతున్న తొలి శాస్త్ర గ్రంథాల్లో ఇది ఒకటి. మల్లన మూలాన్ని ఉన్నదున్నట్టు దింపలేదు. జైన సంబంధమైన ఉదాహరణల చోట శైవ సంబంధమైనవి పెట్టి, తన కాలపు తెలుగువారికి సన్నిహితంగా ఉండేటట్లు మార్చుకున్నాడు. లెక్క ఎవరిదైనా ఉదాహరణ మన ఇంటిది అయితే తొందరగా బోధపడుతుందని ఆయనకు తెలుసు. మహావీరుని సంస్కృత మూలాన్ని 1912లో ఎం. రంగాచార్య ఆంగ్లానువాదంతో మద్రాసులో ప్రచురించారు. దక్షిణ భారత గణితం గురించి ప్రపంచానికి తెలియడానికి ఆ ప్రచురణ ఎంతో తోడ్పడింది.

లీలావతిలో ఐదు ప్రశ్నలు

బంగారం లెక్కలను మెట్టుమెట్టుగా అమర్చి చెప్పినది మాత్రం భాస్కరాచార్యుని లీలావతి. భాస్కరుడు 1114లో పుట్టాడు. 1150లో, 36 ఏళ్ల వయసులో సిద్ధాంత శిరోమణి రాశాడు. లీలావతి అందులో అంకగణిత భాగం, బీజగణితం మరో భాగం. మొగలు చక్రవర్తి అక్బరు ఆస్థానంలోని ఫైజీ 1587లో లీలావతిని పారశీకంలోకి అనువదించాడు. 1817లో కోల్‌బ్రూక్ ఆంగ్లంలోకి తెచ్చాడు.

లీలావతి తూకాల్లో ఐదు గురివింద గింజల ఎత్తు ఒక మాషం. ఇక భాస్కరుని లెక్క వినండి. 13 వన్నెల బంగారం 10 మాషాలు, 12 వన్నెలది 4 మాషాలు, 11 వన్నెలది 2 మాషాలు, 10 వన్నెలది 4 మాషాలు. నాలుగూ కలిపి కరిగిస్తే ఎన్ని వన్నెల బంగారం వస్తుంది?

వన్నెను బరువుతో హెచ్చించండి. 130, 48, 22, 40 వస్తాయి. కలిపితే 240. మొత్తం బరువు 20 మాషాలు. 240ని 20తో భాగిస్తే 12. కాబట్టి ముద్ద 12 వన్నెలది.

భాస్కరుడు ఇక్కడితో ఆగడు. ఈ 20 మాషాల ముద్దను పుటం పెడితే 16 మాషాలకు తగ్గింది, ఇప్పుడు వన్నె ఎంత అని రెండో ప్రశ్న. పుటం పెడితే కల్తీ పోతుంది, బంగారం పోదు. కాబట్టి 240 మారదు. 240ని 16తో భాగిస్తే 15 వన్నెలు. పుటం పెట్టి పూర్తిగా 16 వన్నెలకు తెస్తే ఎన్ని మాషాలు మిగులుతుంది అని మూడో ప్రశ్న. 240ని 16 వన్నెలతో భాగిస్తే 15 మాషాలు.

ఈ మూడో జవాబు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 16 వన్నెల బంగారం అంటే మేలిమి బంగారమే కదా! అంటే ఆ 20 మాషాల ముద్దలో మొదటినుంచీ ఉన్న మేలిమి బంగారం 15 మాషాలన్నమాట. 240 అనే సంఖ్య దాన్నే మరో రూపంలో చెబుతోంది. నాలుగు ముక్కలుగా ఉన్నప్పుడూ 240, ముద్దగా ఉన్నప్పుడూ 240, పుటం పెట్టాకా 240. మారని సరుకు అంటే ఇదే. మూడు ప్రశ్నలు అడిగి భాస్కరుడు మనకు చూపించింది ఆ ఒక్క సంఖ్యనే.

తరువాత లెక్కను తిరగవేశాడు. 10 వన్నెల బంగారం 8 మాషాలు, 11 వన్నెలది 2 మాషాలు, వన్నె తెలియనిది 6 మాషాలు కలిపితే 12 వన్నెల ముద్ద వచ్చింది. తెలియని వన్నె ఎంత? ముద్ద బరువు 16 మాషాలు, వన్నె 12. హెచ్చిస్తే 192. తెలిసిన వాటిలో ఉన్నది 80, 22 కలిపి 102. మిగిలిన 90 ఆ 6 మాషాల్లో ఉండాలి. 90ని 6తో భాగిస్తే 15 వన్నెలు.

మరోసారి తిరగవేశాడు. ఈసారి తెలియనిది బరువు. 10 వన్నెల బంగారం 3 మాషాలు, 14 వన్నెలది ఒక మాషం ఉన్నాయి. 16 వన్నెల బంగారం ఎంత కలిపితే ముద్ద 12 వన్నెలది అవుతుంది? ఉన్న 4 మాషాలకు 12 వన్నెల చొప్పున 48 కావాలి. ఉన్నది 44. తక్కువ పడింది 4. కలిపే ప్రతి మాషం 16 వన్నెలది కాబట్టి 12కు పైన 4 మిగులు తెస్తుంది. కాబట్టి ఒక్క మాషం కలిపితే చాలు.

రంగులే అక్షరాలు

పైన చేసిన చివరి రెండు లెక్కల్లో మనం తెలియని దాన్ని తెలిసినట్టే భావించి లెక్కలోకి తీసుకున్నాం. బీజగణితం అంటే అదే. తెలియని సంఖ్యకు మన పూర్వులు “యావత్ తావత్” అని పేరు పెట్టారు. “ఎంతో అంత” అని దాని అర్థం. రాసేటప్పుడు “యా” అనే మొదటి అక్షరం చాలు. తెలియనివి ఒకటికంటె ఎక్కువ ఉంటే రంగుల పేర్లు పెట్టారు. కాలకం అంటే నలుపు, నీలకం, పీతకం అంటే పసుపు, లోహితకం అంటే ఎరుపు. వాటికి కా, నీ, పీ, లో అని గుర్తులు. తెలిసిన సంఖ్య ముందు రూపం అనే మాటకు గుర్తుగా “రూ” రాసేవారు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు రాసిన గ్రంథంలోనే తెలియని రాశులకు వర్ణం అనే పేరు కనిపిస్తుంది. బంగారం వన్నె కూడా వర్ణమే, తెలియని సంఖ్యకు పెట్టిన అక్షరమూ వర్ణమే!

వన్నె తెలియని బంగారం లెక్కను భాస్కరుని పద్ధతిలో రాస్తే ఇలా ఉంటుంది.

యా 6 రూ 102
యా 0 రూ 192

పై వరుస ఒక పక్షం, కింది వరుస రెండో పక్షం. రెండూ సమానం. సమానమని చెప్పడానికి ప్రత్యేకమైన గుర్తు లేదు, ఒకదాని కింద ఒకటి రాయడమే గుర్తు. పై వరుసలో విడివిడి ముక్కల్లో ఉన్న బంగారం, కింది వరుసలో కరిగిన ముద్దలో ఉన్న బంగారం. 192 నుంచి 102 తీసివేస్తే 90, ఆరుతో భాగిస్తే యా విలువ 15. మనం నేడు బడిలో వాడే సమాన గుర్తును ఇంగ్లండులో రాబర్ట్ రికార్డ్ 1557లో ప్రవేశపెట్టాడు. తెలియని రాశులకు అక్షరమాలలోని చివరి అక్షరాలు వాడే అలవాటు 1637లో ఫ్రాన్సు దేశపు దెకార్త్ గ్రంథంతో స్థిరపడింది. గుర్తులు మారాయి కాని లెక్కలోని ఆలోచన మారలేదు. “కలపక ముందు ఉన్నది, కలిపిన తరువాత ఉన్నది సమానం.” ఈ ఒక్క వాక్యం రాయగలిగితే మిగతాది కూడికలు, తీసివేతలే.

అడ్డగీతల సూత్రం ఎందుకు పనిచేస్తుంది?

పరీక్షల కోసం బట్టీపట్టే సూత్రం గురించి మొదట అన్నాం కదా. అది కూడా లీలావతిలో ఉంది. 16 వన్నెల బంగారం, 10 వన్నెల బంగారం కలిపి 12 వన్నెలది చేయాలి. ఏది ఎంత తీసుకోవాలి? పెద్ద వన్నె నుంచి కావలసిన వన్నె తీసివేయండి, 4 వచ్చింది. కావలసిన వన్నె నుంచి చిన్న వన్నె తీసివేయండి, 2 వచ్చింది. మొదటి తేడా తక్కువ వన్నె బంగారానికి, రెండో తేడా ఎక్కువ వన్నె బంగారానికి చెందుతాయి. అంటే 10 వన్నెలది 4 మాషాలు, 16 వన్నెలది 2 మాషాలు.

తేడాలు ఎందుకు అటుది ఇటు, ఇటుది అటు మారాయి? 16 వన్నెల మాషం ఒక్కొక్కటి 12కు పైన 4 మిగులు తెస్తుంది. 10 వన్నెల మాషం ఒక్కొక్కటి 2 తరుగు తెస్తుంది. మొత్తం మిగులు మొత్తం తరుగుకు సరిపోవాలి. 2 మాషాలకు 4 చొప్పున మిగులు 8. 4 మాషాలకు 2 చొప్పున తరుగు 8. సరిపోయింది. ఇదే ఆ అడ్డగీతల రహస్యం. మిగులు, తరుగు సరిపోవడం తప్ప అందులో మాయ ఏమీ లేదు.

ఇంకొకటి గమనించండి. 2, 4 బదులు 1, 2 తీసుకున్నా, 4, 8 తీసుకున్నా జవాబు సరైనదే. నిష్పత్తి మాత్రమే స్థిరం. భాస్కరుడు కూడా ఆ తేడాలను మనకు ఇష్టమైన సంఖ్యతో హెచ్చించుకోవచ్చునని చెప్పాడు. మూడు రకాల బంగారం కలపవలసి వస్తే నిష్పత్తి కూడా ఒక్కటిగా ఉండదు. అప్పుడు జవాబులు ఎన్నో. మహావీరుడు బంగారం లెక్కల భాగానికి సువర్ణ కుట్టీకారం అని పేరు పెట్టాడు.

ఇటలీలో పీసా నగరానికి చెందిన ఫిబొనాచ్చి 1202లో రాసిన గణిత గ్రంథంలో నాణేల కోసం వెండి, రాగి కలిపే లెక్కలకు ఒక పూర్తి అధ్యాయం ఉంది. భారతీయ అంకెలను ఉత్తర ఆఫ్రికాలో నేర్చుకుని యూరపులో ప్రచారం చేసినవాడు ఈయనే. యూరపు పుస్తకాల్లో ఈ లెక్కలకు ఎలిగేషన్ అని పేరు వచ్చింది. ఆ లాటిన్ మాటకు కట్టడం అని అర్థం. పెద్ద సంఖ్యను చిన్న సంఖ్యతో గీత గీసి కట్టేవారు కాబట్టి ఆ పేరు. ఆంగ్ల పాఠ్యపుస్తకాల ద్వారా అది మన బళ్లకు వచ్చింది. వచ్చేటప్పుడు గీతలు వచ్చాయి, కారణం మాత్రం చాలాచోట్ల వెనుకబడిపోయింది. బీజగణితం తెలిసినవాడికి ఆ గీతలు ఒక సౌకర్యం. తెలియనివాడికి అవి మంత్రం.

బంగారం నుంచి పాలకు

మిశ్రమాల లెక్క పాత గ్రంథాలకే పరిమితమైనది కాదు. 1940లలో బొంబాయి నగరానికి పాలు చాలడం లేదు. గేదె పాలలో వెన్న శాతం ఎక్కువ, ధరా ఎక్కువ. బొంబాయి పాల సరఫరా బాధ్యతలు చూసిన దారా ఖురోడీ గేదె పాలలో వెన్న లేని పాలపొడిని నీటిలో కలిపి చేసిన పాలను చేర్చి, వెన్న శాతం తగ్గించిన టోన్డ్ పాలను ప్రవేశపెట్టాడు. వర్గీస్ కురియన్, త్రిభువన్‌దాస్ పటేల్‌లతో కలిపి ఆయనకు 1963లో మెగసెసే పురస్కారం లభించింది.

లెక్క చూడండి. 7 శాతం వెన్న ఉన్న గేదె పాలు 300 కిలోలు ఉన్నాయి. 3 శాతం వెన్న ఉన్న పాలు కావాలి. వెన్న లేని పాలు ఎన్ని కిలోలు కలపాలి? కలిపేది “యా” కిలోలు అనుకుందాం. మారని సరుకు వెన్న. మొదట ఉన్నది 300 × 7 / 100 = 21 కిలోలు. కలిపిన తరువాత పాలు 300 + యా కిలోలు. అందులో 3 శాతం 21 కిలోలు కావాలి. 21 కిలోలు 3 శాతమైతే మొత్తం 700 కిలోలు. కాబట్టి యా 400. అంటే 300 కిలోల పాలు 700 కిలోలై, మరెన్నో ఇళ్లకు తక్కువ ధరకు చేరతాయి. మన దేశంలో టోన్డ్ పాలకు 3 శాతం వెన్న, వెన్న కాని ఘనపదార్థాలు 8.5 శాతం ఉండాలని ప్రమాణం.

ఇదే 300 కిలోల పాలలో ఎవరైనా 400 కిలోల నీళ్లు పోస్తే? వెన్న లెక్క అలాగే ఉంటుంది, 3 శాతమే వస్తుంది! కాని వెన్న కాని ఘనపదార్థాలు సగానికి పైగా పడిపోతాయి. అందుకే ప్రమాణంలో రెండు సంఖ్యలు ఉన్నాయి. ఒకే సరుకును కొలిచి ఊరుకుంటే నీళ్ల సంగతి బయటపడదు. మేలు చేసే మిశ్రమానికీ కల్తీకీ సమీకరణం ఒక్కటే. తేడా అంతా ఏమి కలిపారో కొనేవాడికి చెప్పడంలో ఉంది, దాన్ని సరిచూసుకునే శక్తి కొనేవాడికి ఉండడంలో ఉంది.

ఒక జాగ్రత్త

మారని సరుకును బరువులోనే లెక్కించడం క్షేమం. 50 మిల్లీలీటర్ల నీటిలో 50 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలు పోస్తే 100 మిల్లీలీటర్లు రావు, సుమారు 96 లేక 97 మిల్లీలీటర్లే వస్తాయి. రెండు రకాల అణువులు మునుపటికంటె దగ్గరగా సర్దుకోవడమే దీనికి కారణం. బరువు మాత్రం రవ్వంతైనా తగ్గదు. పాఠ్యపుస్తకాల్లో లీటర్లతో ఇచ్చే లెక్కలు ఘనపరిమాణాలు కూడికవుతాయన్న ఊహ మీద నడుస్తాయి. పాలు, నీళ్ల విషయంలో తేడా చాలా స్వల్పం కాబట్టి సరిపోతుంది. భాస్కరుడు మాషాలతో, అంటే తూకంతో లెక్క చేశాడు కాబట్టి ఆయనకు ఈ చిక్కే రాలేదు.

ఇప్పుడు మీ నగల సంగతి

మొదటి లెక్కకు తిరిగి వద్దాం. 12 గ్రాములు 22 క్యారెట్లు: 264. 6 గ్రాములు 18 క్యారెట్లు: 108. 2 గ్రాములు 12 క్యారెట్లు: 24. మొత్తం 396. 20తో భాగిస్తే 19.8 క్యారెట్లు. పదిహేడు కాదు, దాదాపు ఇరవై!

మేలిమి బంగారం ఎంత? 396ని 24తో భాగిస్తే 16.5 గ్రాములు. ఉట్టి సగటు తీసి 17.33 క్యారెట్లు అని లెక్కకడితే 14.44 గ్రాములే అవుతుంది. తేడా రెండు గ్రాములకు పైనే. ఇందులో ఎవరూ త్రాసును తప్పుగా పట్టలేదు, ఎవరూ రాగి కలపలేదు. సగటు తీయడం ఒక్కటే తప్పు. అలా చెప్పినవారికి మోసం చేసే ఉద్దేశం లేకపోవచ్చు, ఆయనకూ లెక్క సరిగా తెలియకపోవచ్చు. ఏదైనా నష్టం మాత్రం మీదే.

మన దేశంలో బంగారు నగలకు భారతీయ ప్రమాణాల సంస్థ హాల్‌మార్క్ ముద్ర 2000లో మొదలైంది. 2021 జూన్ నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. నగ మీద 916 అని ఉంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు మేలిమి అని అర్థం. 22ను 24తో భాగించి చూడండి, ఆ 916 ఎక్కడిదో తెలుస్తుంది. కొన్న నగకు ముద్ర భరోసా ఇస్తుంది. పాత నగలు మూసలో పడిన తరువాత ఆ ముద్రలు కరిగిపోతాయి. అప్పుడు మీకు తోడుండేది మూసలో పడకముందు మీరు కాగితం మీద వేసుకున్న ఆ హెచ్చవేతలే.

మీరు ప్రయత్నించండి

1. 16 వన్నెల బంగారం 3 మాషాలు, 8 వన్నెలది 5 మాషాలు కలిపితే ముద్ద ఎన్ని వన్నెలది?

2. 9 వన్నెల బంగారం 10 మాషాలను పుటం పెట్టి 15 వన్నెలకు తెస్తే ఎన్ని మాషాలు మిగులుతుంది?

3. 6 శాతం వెన్న ఉన్న పాలు 500 కిలోలు. వెన్న లేని పాలు ఎన్ని కిలోలు కలిపితే 1.5 శాతం వెన్న ఉన్న పాలవుతాయి?

4. 30 శాతం ఉప్పునీరు, 5 శాతం ఉప్పునీరు ఏ నిష్పత్తిలో కలిపితే 20 శాతం ఉప్పునీరు వస్తుంది? మిగులు, తరుగు కట్టి సరిచూడండి.

జవాబులు: 1. 11 వన్నెలు. 2. 6 మాషాలు. 3. 1,500 కిలోలు. 4. బరువులో 3:2.